రిబ్కమ్మకు దొరికిన కుర్చీ

రేపల్లె నుంచి తెనాలికి రోజూ రైల్లో వెళ్ళి వచ్చే ఆడవాళ్ళం కొందరం ఉండేవాళ్ళం. మా కబుర్లు ఎక్కడ మొదలైనా చివరికి కాళ్ళ నొప్పుల దగ్గరే ఆగేవి. పొద్దున బండి మా ఊళ్ళోనే బయల్దేరుతుంది కాబట్టి కూర్చోవడానికి చోటు దొరికేది. సాయంత్రం గుంటూరు నుంచి నిండుగా వచ్చే బండిని తెనాలిలో ఎక్కి, వేమూరు దాకా ఒంటికాలి మీద నిలబడేవాళ్ళం. మా అందరిలోకీ ఎక్కువ అలిసిపోయి కనిపించే మనిషి రిబ్కమ్మ. ఎవరైనా జరిగి చోటిస్తే "వద్దులేండి, అలవాటేగా" అంటూనే కూర్చునేది. కూర్చోగానే రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కళ్ళు మూసుకునేది.

నేను తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటర్ని. నా పేరు చంద్రకళ. నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ ఆఫీసులోనూ ఏకాభిప్రాయం ఉంది. రోజంతా ముక్కూమొహం తెలియని వాళ్ళతో "నంబరు చెప్పండి, లైన్లో ఉండండి, మూడు నిమిషాలైంది, పొడిగించాలా" అని చెప్పిందే చెప్పే ఉద్యోగం చేస్తే ఎవరికైనా కోపం వస్తుంది. రిబ్కమ్మకు మాత్రం వచ్చేది కాదు. ఆమెకు వచ్చేది నీరసం ఒక్కటే. అందుకే కాబోలు, ఆమె పక్కన కూర్చుంటే నా కోపం కాస్త దిగేది.

ఆమె పుట్టిల్లు బాపట్ల. పదో తరగతి పాసయింది, దస్తూరి ముత్యాల్లా ఉండేది. రేపల్లె యోబుకిచ్చి పెళ్ళి చేశారు. యోబు రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. ఆ ఊక దుమ్ము పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. మోసే పని చేతకాక అదే మిల్లు గేటు దగ్గర కాపలాకు కుదురుకున్నాడు. జీతం సగానికి సగమైంది. అప్పుడు, ఎనభై అయిదులో, రిబ్కమ్మ తెనాలి బోసు రోడ్డులోని ఒక బట్టల కొట్లో చేరింది.

ఆ కొట్టు పేరు దశరథరామయ్య అండ్ సన్స్. దశరథరామయ్యగారికి ఉన్నది ఒక్కగానొక్క కూతురు. సన్స్ ఎవరండీ అని అడిగితే "బోర్డు రాయించినప్పుడు ఆశ ఉండేదిలే" అనేవాడట. మంచి మనిషి. ఆయన తండ్రి కాలంలో కొట్లో తెల్లటి పరుపులు పరిచి ఉండేవి. కొనేవాళ్ళూ కూర్చునేవాళ్ళు, చూపించేవాళ్ళూ కూర్చునేవాళ్ళు. ఈయన కాలం వచ్చేసరికి పరుపులు తీసేసి అద్దాల కౌంటర్లు పెట్టారు. కొనేవాళ్ళకు స్టూళ్ళు వేశారు. చూపించేవాళ్ళ కోసం ఏమీ వెయ్యలేదు. పనివాళ్ళు కూర్చోకూడదని ఎవరూ అనలేదు, కూర్చోవడానికి ఏమీ లేదు, అంతే.

అలా తొమ్మిదేళ్ళు ఆమె పై అంతస్తులో చీరల దగ్గర నిలబడింది. ఒక చీర కొనడానికి వచ్చినావిడ యాభై చీరలు విప్పించి, "మళ్ళీ మావారితో వస్తానమ్మా" అని దిగిపోతే, ఆ యాభై మడిచి పెట్టేది. మోకాళ్ళలో నీరు చేరిందని డాక్టరు చెప్పాడు. నిలబడే పని మానుకోమన్నాడు. "మానుకుంటే తిండి కూడా మానుకోవాలిగదండీ" అని నాతో అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

కొట్టు మొత్తంలో పనివాళ్ళు కూర్చునే చోటు ఒకే ఒక్కటి. కింద, గుమ్మం పక్కన, బిల్లు కట్టాక సరుకు సంచీలో పెట్టి ఇచ్చే కౌంటరు. అక్కడ వైరు అల్లిన ఇనుప కుర్చీ ఒకటి ఉండేది. దానిలో వెంకటప్పయ్య అనే ముసలి గుమాస్తా కూర్చునేవాడు. తొంభై నాలుగులో ఆయన పని మానేశాడు. కుర్చీ ఖాళీ అయింది. రిబ్కమ్మ ఇన్నేళ్ళకు నోరు తెరిచి ఒకటి అడిగింది, ఆ కుర్చీ తనకిమ్మని. దశరథరామయ్యగారు "దానికేంటమ్మా" అన్నారు. కానీ అప్పటికి పెత్తనం ఆయన చేతిలో లేదు, అల్లుడు బసవేశ్వరరావు చేతిలోకి పోయింది.

ఈ అల్లుడు హైదరాబాదులో ఏదో వ్యాపార శిక్షణకు వెళ్ళొచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, వచ్చీరాగానే కుటుంబ కార్డు అని ఒకటి అచ్చేయించాడు. పసుప్పచ్చ రంగు అట్ట, మీద లక్ష్మీదేవి బొమ్మ. కొన్నప్పుడల్లా దాని మీద ముద్ర వేస్తారు. ముద్రలు నిండితే స్టీలు డబ్బా ఇస్తారు. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు తిరకాసు కార్డు ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్నల్లో ఉంది. పేరు, ఊరు, ఇంట్లో ఎంతమంది, పెళ్ళీడు పిల్లలున్నారా, మీ పెళ్ళిరోజు ఎప్పుడు. పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళకు ముందే మనిషిని పంపి పెళ్ళి బట్టలు తమ కొట్లోనే కొనేలా చూసుకోవాలని ఆయన ఎత్తు. ప్రశ్నలయ్యాక "ఇంకో చీర తీసుకుంటే దానికి సగం ధరేనండి" అని చెప్పాలి. చివర్న చేతులు జోడించి "మళ్ళీ రండి" అనాలి.

"కుర్చీ నీకే ఇస్తాను రిబ్కమ్మా," అన్నాడట బసవేశ్వరరావు. "కాకపోతే క్రిస్మస్ దాకా చూస్తా. ఒక్క మనిషి కూడా కార్డు లేకుండా గుమ్మం దాటకూడదు. మొహమాటపడి ఎవర్నన్నా ఒదిలేశావంటే మళ్ళీ మెట్లెక్కాల్సిందే."

మెట్లంటే ఆమెకు ఎంత భయమో మాకు తెలుసు. శ్రావణమాసంలో మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని సాయంత్రం బండెక్కిన రోజు ఆమె మొహం చూడాలి. ఆ రోజు చోటిస్తే నిజంగానే వద్దంది. "మీరు కూచోండి చంద్రకళగారూ, నేను పొద్దుటి నుంచీ కూచునే ఉన్నాగా" అంది, పట్టుచీర కొనుక్కున్నదానిలా.

కానీ కూర్చుంటే కాళ్ళకు సుఖమేగానీ నోటికి సుఖం లేకపోయింది. మన జనానికి కార్డు అంటే ఒకటే కార్డు, రేషను కార్డు. ఎవరన్నా "ఇంట్లో ఎంతమంది" అని అడిగితే ఉన్న నలుగురిని ఏడుగురు చెయ్యడం అప్పటికే అందరికీ అలవాటు. "దీని మీద కిరసనాయిలు ఎప్పుడు పోస్తారమ్మా" అని అడిగినవాళ్ళు చాలామంది. ఒకావిడ చనిపోయిన అత్తగారిని కూడా లెక్కలో వేయించింది. ఇంకొకాయన ఇంట్లో ఎంతమందో చెప్తే ఉన్న కార్డు పీకేస్తారేమోనని "నేనొక్కణ్ణే తల్లీ" అన్నాడు. పక్కనే భార్య, చంకలో పిల్లాడు.

పెళ్ళీడు పిల్లల ప్రశ్న దగ్గరైతే ఇంక చెప్పనక్కర్లేదు. ముక్కూమొహం తెలియని మనిషి "మీ ఇంట్లో పెళ్ళీడు పిల్లలున్నారా" అని అడిగితే మా వైపు దానికి అర్థం ఒకటే. వేమూరు పక్క నుంచి పున్నయ్య అని ఒక రైతు వచ్చాడు, పంచెల చాపు కొన్నాడు. ఆ ప్రశ్న వినగానే స్టూలు లాక్కుని కూర్చున్నాడట. వెనక జనం నిలబడి ఉండగానే కూతురి చదువు, రంగు, గోత్రం, తనకున్న మాగాణి, చెరువు కింద అన్నదమ్ముల తగాదా, అన్నీ చెప్పుకొచ్చాడు.

"ఎవరన్నా మీ ఎరికలో ఉన్నారామ్మా?" అని అడిగాడు.

"సంబంధం కాదండి బాబాయిగారూ, ఇది కొట్టు కార్డండి," అంది రిబ్కమ్మ.

"అదేలే. కొట్టుకి పదిమంది వస్తారు, మీ చెవిన పడకుండా ఉంటదా," అని చెప్పి, కార్డు తీసుకుని వెళ్ళాడు. వారం తిరక్కుండా అమ్మాయి జాతకం పట్టుకుని మళ్ళీ వచ్చాడు. రిబ్కమ్మ చర్చికి వెళ్ళే మనిషి, జాతకంలో ఒక్క గడి కూడా ఆమెకు తెలియదు. దాన్ని భద్రంగా సొరుగులో దాచిపెట్టింది. మాకు ఈ సంగతి చెప్తున్నప్పుడు రైలు పెట్టె పెట్టెంతా నవ్వింది. ఆమె మాత్రం "పాపం, ఆయన ఆశగా వచ్చాడండి" అంది.

అందరూ పున్నయ్యలు కారు. సుబ్బరత్నమ్మ అని ఊళ్ళో పెద్ద కుటుంబం ఆవిడ, నగలూ మాటా రెండూ బరువే, ఆ ప్రశ్న విని అగ్గి మీద గుగ్గిలమైంది. "మా పిల్లల సంగతి నీకెందుకే? చీరలమ్ముకునేదానివి చీరలమ్ముకో" అని నలుగురిలో దులిపేసింది. బసవేశ్వరరావు వెనకే నిలబడి అంతా విన్నాడు. ఆవిడ కారెక్కాక మాత్రం "అడిగే తీరులో ఉంటుంది రిబ్కమ్మా, నవ్వుతూ అడగాలి" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. నేను ఆ రోజు ఆ అల్లుణ్ణి బండిలో నోటికొచ్చినట్టు తిట్టాను. రిబ్కమ్మే నన్ను ఆపింది. "తిట్లు తిన్నా కూచునే తింటన్నాగదండీ" అంది.

కార్తీకం వచ్చేసరికి ఆమె ఆ ప్రశ్నలు అడగడం మానేసింది. వాటంతట అవే ఆమె నోట్లోంచి వచ్చేవి. నాకు ఆ జబ్బు బాగా తెలుసు. ఒకసారి మా ఇంటికి చింతపండు అమ్మడానికొచ్చిన మనిషి బేరం సాగదీస్తుంటే "మూడు నిమిషాలైంది" అన్నాను నేను. ఆదివారం గుళ్ళో, చర్చిని వాళ్ళు గుడనే అంటారు, పక్కావిడ పాటల పుస్తకం అందిస్తే "మీకు కార్డు ఉందాండి" అని రిబ్కమ్మకు నోటిదాకా వచ్చిందట. ఎదుటి మనిషి మొహం చూసి అడగడం ఎప్పుడో పోయింది. సరుకు, చేతులు, సంచీ, కార్డు, ఇవే కనిపించేవట. మనుషులు మెడ దాకానే ఉండేవారట.

ఇంక ఆ డిసెంబరు సంగతి. ఇది ఆమె నాకు ఒక్కసారిగా చెప్పలేదు, రెండు మూడు రోజులు ముక్కలు ముక్కలుగా చెప్పింది.

బట్టల కొట్లలో ఒక పట్టింపు ఉంది. చావుకు బట్టలు కొనడానికి వచ్చినవాళ్ళను కొట్లో అందరూ ఇట్టే గుర్తుపడతారు. వాళ్ళు అంచు చూడరు, కొంగు చూడరు, బేరం చెయ్యరు. అలాంటివాళ్ళను ఏమీ అడగకూడదు. సంచీలో పెట్టకూడదు, కాగితంలో చుట్టి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, పొరపాటున కూడా మళ్ళీ రండి అనకూడదు. దశరథరామయ్యగారైతే అలాంటివాళ్ళు వెళ్ళేదాకా గల్లా దగ్గర లేచి నిలబడేవారు.

ఇది రిబ్కమ్మకు తెలియక కాదు. పై అంతస్తులో తొమ్మిదేళ్ళలో ఎన్నో చూసింది. కానీ ఆ రోజు కౌంటరు మీదికి వచ్చింది తెల్ల చీర. కొట్లో మిగతా ఆడపిల్లలకు తెల్ల చీర చూడగానే గుండె ఝల్లుమంటుంది. రిబ్కమ్మకు అలా కాదు. ఆమె తెల్ల చీరలోనే పెళ్ళి చేసుకుంది. వాళ్ళ వాళ్ళంతా తెల్ల చీరల్లోనే చేసుకుంటారు. డిసెంబరులో తెల్ల చీర కొంటే క్రిస్మస్‌కైనా అయి ఉండాలి, పెళ్ళికైనా అయి ఉండాలి. పైగా వచ్చిన మనిషి "వందనాలమ్మా" అన్నాడు, అది చర్చివాళ్ళు పలకరించుకునే మాట. మనవాళ్ళే అనుకుంది. పొద్దుటి నుంచీ వాడిపోయి ఉన్న ప్రాణం ఆ ఒక్క మాటకు కాస్త లేచొచ్చి, అందరితో కంటే ఎక్కువ సంతోషంగా అడిగిందట.

"వందనాలన్నా. పేరు చెప్పండి, కార్డు రాసిస్తా."

"పౌలండి."

"ఊరండి?"

"పెనుమూడి. గుడి ఎనకమాల."

"ఇంట్లో ఎంతమందండి?"

"అయిదుగురమమ్మా."

ఆమె అయిదు వేసింది. "పొద్దుటిదాకా అయిదుగురం," అన్నాడు. "ఇయ్యాళ పొద్దున్నే ఇక్కడ ఆసుపత్రిలో మా ఇంటిది పోయిందమ్మా. వ్యాను బయటుంది. అయిదని రాయాలో నాలుగని రాయాలో మీరే చూసి రాయండి."

అప్పుడు తలెత్తి చూసిందట. ఆయన మొహం మీద కోపం లేదు. ఏడుపు కూడా లేదు. ఆఫీసులో గుమాస్తా ముందు నిలబడి, తప్పు చెప్తే ఏమవుతుందోనని జాగ్రత్తగా చెప్పే మనిషి మొహంలా ఉందట. రేషను కార్డులో పోయినవాళ్ళ పేరు తీయించకపోతే నేరం కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడు పాపం. బట్ట కొన్న మనిషిని కొట్టువాళ్ళు ఇవన్నీ అడుగుతున్నారంటే అడగాల్సిన కారణం ఏదో ఉండి ఉంటుంది. చెప్పకపోతే చీర ఇవ్వరేమోనని కూడా అనుకుని ఉంటాడు.

అక్కడ ఆగాలి. ఆగి, లేచి, చీర కాగితంలో చుట్టి ఇచ్చి పంపించెయ్యాలి. ఆమె వెనక బసవేశ్వరరావు నిలబడి ఉన్నాడు. పౌలు వెనక జనం ఉన్నారు. కానీ భయపడి అడిగానని కూడా ఆమె చెప్పలేదు. "నోరు ఆగలేదండి," అంది. అన్ని నెలలుగా ఒకదాని వెనక ఒకటి వచ్చే మాటలు. ఎంతమంది తరవాత పెళ్ళీడు పిల్లలు, దాని తరవాత పెళ్ళిరోజు.

"పెళ్ళీడు పిల్లలున్నారాండి?"

"లేరమ్మా. ఒక్కడే, వాడికయిపోయింది."

"మీ పెళ్ళిరోజు?"

ఆయన ఆలోచించాడు. "మే నెలమ్మా. మామిడికాయలు బాగా కాసిన ఏడు. తారీకు..." అని ఆగి, "తారీకు దానికి తెలుసు," అన్నాడు.

ఆమె తారీకు దగ్గర చిన్న గీత గీసింది. కార్డు ఇచ్చింది. చీర సంచీలో పెట్టి ఇచ్చింది. ఇంకో చీర సగం ధరకు ఇస్తామన్న మాట కూడా వచ్చేసింది. "ఎందుకమ్మా, ఒకటి చాలు," అన్నాడు ఆయన. కార్డును చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, "ఇంక ఎల్లొచ్చామ్మా?" అని అనుమతి అడిగాడు.

ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "మళ్ళీ రండి," అంది.

"అట్టాగేనమ్మా," అని వెళ్ళిపోయాడు.

బసవేశ్వరరావు ముందుకొచ్చాడు. ఆయనకు చీర సంగతి అర్థమైందో లేదో నాకు తెలియదు, అయ్యే ఉంటుంది. "చూశావా, అడిగే తీరులో అడిగితే ఎవరైనా చెప్తారు," అన్నాడు. "నిన్ను ఇంక క్రిస్మస్ దాకా చూసేదేం లేదు రిబ్కమ్మా. కుర్చీ నీదే."

ఆ సాయంత్రం బండిలో ఆమె కుర్చీ ఖాయమైందని మాత్రం చెప్పింది. మేమంతా సంబరపడ్డాం. నేను భట్టిప్రోలు స్టేషన్లో జామకాయలు కొని అందరికీ పంచాను. ఆమె చేతిలో జామకాయ రేపల్లె దాకా అలాగే ఉంది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది, కాలేదు.

ఆదివారం గుడి అయ్యాక ఆమె యోబుకు చెప్పకుండా పెనుమూడి బస్సెక్కింది. కృష్ణ ఒడ్డున దిగి, గుడి వెనక పౌలు ఇల్లెక్కడని అడిగితే పిల్లలే తీసుకెళ్ళారు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. పొరపాటైపోయిందన్నా, క్షమించండి, నేను చూసుకోలేదు. ఇంతే. ఈ నాలుగు మాటలు అని, కాసేపు ప్రార్థన చేసుకుని వచ్చేద్దామనుకుంది.

పౌలు వాకిట్లోనే ఉన్నాడు. చూడగానే గుర్తుపట్టాడు. "తెనాలి కొట్లో అమ్మగారు వచ్చారే," అని లోపలికి కేకేశాడు. కోడలు సరోజ హడావిడిగా పక్కింటికి పరిగెత్తి కుర్చీ తెచ్చి వేసింది. రిబ్కమ్మ వద్దంది. చాప మీద కూర్చుంటానంది. వాళ్ళు వింటేగా. మోకాళ్ళు కూడా మాట వినే స్థితిలో లేవు, కింద కూర్చుంటే లేవలేదు. కూర్చుంది.

ఆమె నోరు తెరిచేలోపే పౌలు లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చాడు. దానిలోంచి ఆ పసుప్పచ్చ కార్డు తీశాడు. కుర్చీ ముందుకొచ్చి, కార్డు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకా ఏమన్నా రాసుకోవాలామ్మా?" అన్నాడు.

రిబ్కమ్మ ఆ కార్డు అందుకుంది.

"ఆ రోజు పెళ్ళిరోజు తారీకు అడిగారుగదమ్మా. నాకు తెలవలా. మీరు గీత గీసి ఒదిలేశారు. వ్యాన్లో దాని పక్కన కూచుని వస్తా అదే అనుకున్నా. ఇన్నేళ్ళు కాపరం చేసినోణ్ణి, తారీకు తెలవదని చెప్పానే అని. మొన్న సమాధయినాక పాస్టరయ్యగారి కాళ్ళాయేళ్ళాపడి గుడి పాత రిజిస్టరు తీయించి చూపిచ్చుకున్నా. మే పధ్నాలుగంటమ్మా. రాసుకోండి."

ఆమె దగ్గర కలం లేదు. సరోజ తన కూతురి బడి సంచీలోంచి ఒకటి తెచ్చి ఇచ్చింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. రిబ్కమ్మ ఆ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో కార్డు పెట్టుకుని, గీత కొట్టేసి, ఆ తారీకు వేసింది. సరిగ్గా పడిందో లేదోనని పౌలు వంగి చూశాడు. చూసి, పెద్ద పనయిపోయినట్టు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"దీనికోసం ఇంత దూరం వచ్చారామ్మా," అన్నాడు. "మీ కొట్టోళ్ళు చానా మంచోళ్ళు."

క్షమించమని ఎలా అడుగుతుంది? ఆయన ఏ తప్పుకు క్షమించాలో ముందు ఆయనకు తెలియాలిగా. తెలిస్తే ఆ కాస్త తృప్తి కూడా పోతుంది. టీ ఇచ్చారు, తాగింది. ప్రార్థన చెయ్యమన్నారు, చేసింది. ఏం చేసిందో గుర్తులేదంది. బస్సు ఎక్కాక మాత్రం గుర్తొచ్చిందట, ఆ మనిషి భార్య పేరు తాను ఇంతవరకూ అడగనే లేదని. కార్డులో దానికి గడి లేదు మరి.

సోమవారం పొద్దున ఆమె కొట్లోకి వెళ్ళి దశరథరామయ్యగారి ముందు నిలబడి, తనను మళ్ళీ పైకి పంపించమని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయి, "మోకాళ్ళమ్మా?" అన్నారు. "బానే ఉన్నయ్యండి," అని అబద్ధమాడి మెట్లెక్కింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కిందట. ఆ కుర్చీలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి నవ్వుతూ అడుగుతుందని బసవేశ్వరరావు మెచ్చుకున్నాడు కూడా.

అదే వారం ఒక సాయంత్రం, బండిలో ఎవరో జరిగి మా ఇద్దరికీ చోటిస్తే కూర్చుని, ఇదంతా చివరిదాకా వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో నాకే తెలియదు. చేతికి అందింది ఆమే కాబట్టి ఆమె మీదే అరిచాను.

"నీకేమన్నా పిచ్చా రిబ్కమ్మా? నువ్వు కావాలని చేశావా ఏంటి? ఆయనకే బాధ లేనప్పుడు నీకెందుకు? డాక్టరు ఏం చెప్పాడో మర్చిపోయావా? రేపు ఆ కాళ్ళు పూర్తిగా పడిపోతే నిన్ను ఎవరు చూస్తారు, ఆ దగ్గే మనిషా? ఎన్నేళ్ళకు దొరికిన కుర్చీ అది! ఎందుకొదిలేశావు?"

పెట్టెలో అందరూ మావైపు తిరిగారు. ఆమె మోకాళ్ళ మీది చేతులు తియ్యకుండా, నెమ్మదిగా, నాకు నచ్చజెప్పుతున్నట్టు చెప్పింది.

"నేను కూచుని అడుగుతున్నానండి. ఆయన, పెళ్ళాన్ని పాతిపెట్టి వచ్చిన మనిషి, నా ముందు నుంచుని తారీకు చెప్తన్నాడు. ఇంక ఎట్టా కూచోమంటారండి?"

బండి వేమూరులో ఆగింది, దిగేవాళ్ళు దిగారు, చోట్లు ఖాళీ అయ్యాయి. ఆమె కాళ్ళు చాపుకోవడానికి వీలుగా నేను లేచి ఎదురు బల్ల మీదికి మారాను.